పాలమూరు ఎండకు ఏ అయస్కాంత పదార్థం మేలు: గడోలినియమా, లాంథనం-ఇనుము-సిలికానా?

నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో మే నెల మధ్యాహ్నం ఉష్ణోగ్రత 44 డిగ్రీలు దాటడం కొత్త కాదు. బత్తాయిల గదినైనా, టీకాల పెట్టెనైనా చల్లబరిచే యంత్రం తన వేడిని ఆ గాలిలోకే వదలాలి. కంప్రెసర్ బదులు అయస్కాంత క్షేత్రంతో చల్లబరచదలిస్తే, వాడే పదార్థపు అయస్కాంత ప్రావస్థ (అయస్కాంతంగా ఉందా లేదా అనే స్థితి) ఎంత వేడి వద్ద మారుతుందో, ఎందువల్ల మారుతుందో చూసుకున్నాకే ఎంపిక చేయాలి.

గడోలినియం అనే అరుదైన మృత్తిక లోహం సంగతి సూటిగా ఉంటుంది. దాని క్యూరీ ఉష్ణోగ్రత, అంటే అయస్కాంతత్వం పోయే ఉష్ణోగ్రత, సుమారు 20 డిగ్రీలు; చల్లబరిచే ప్రభావం బలంగా ఉండేది దాని చుట్టుపక్కలే. క్షేత్రం పెడితే స్పిన్‌లు (పరమాణువుల్లోని చిట్టి అయస్కాంతాలు) ఒకే దిక్కుకు తిరిగి వాటి ఎంట్రోపీ, అంటే క్రమరాహిత్యం, తగ్గుతుంది. వేడి బయటికి పోయే దారి లేనప్పుడు ఆ తగ్గినది జాలక (పరమాణువుల అల్లిక) కంపనాలకు చేరి లోహం వేడెక్కుతుంది, క్షేత్రం తీసేస్తే చల్లబడుతుంది. ఇది ద్వితీయ తరగతి పరివర్తన: అయస్కాంతత్వం క్రమంగా సున్నాకు దిగుతుంది, స్ఫటిక నిర్మాణం మారదు, హిస్టరిసిస్ నష్టం (క్షేత్రం పెట్టి తీసే ప్రతి చక్రంలో వృథా అయ్యే పని) దాదాపు ఉండదు. 1976లో నాసాకు చెందిన జి.వి. బ్రౌన్ గది ఉష్ణోగ్రత వద్ద అయస్కాంత శీతలీకరణను చేసి చూపింది ఈ లోహంతోనే. అయితే మన వేసవిలో యంత్రపు వేడి కొస క్యూరీ ఉష్ణోగ్రతకు 25 డిగ్రీలకు పైగా ఎగువన పడుతుంది, అక్కడ ప్రభావం సన్నగిల్లుతుంది. టెర్బియం, డిస్ప్రోసియం కలిపితే ఆ ఉష్ణోగ్రత ఇంకా దిగుతుందే గాని ఎక్కదు.

లాంథనం-ఇనుము-సిలికాన్‌ బరువులో ముప్పావు వంతుకు పైగా ఇనుమే ఉంటుంది. ఇక్కడ మార్పు స్పిన్‌ల దిశతో ఆగదు. ఇనుములోని సంచార (ఒకే పరమాణువుకు కట్టుబడని) ఎలక్ట్రాన్లకు రెండు నిలకడ స్థితులున్నాయి, ఒకటి తక్కువ అయస్కాంత భ్రామకం (అయస్కాంత బలం)తో, రెండోది ఎక్కువ భ్రామకంతో. చల్లబరిచినా, క్షేత్రం పెట్టినా పదార్థం మొదటిదాని నుంచి రెండోదానికి ఒక్కసారిగా దూకుతుంది, దానితో పాటే స్ఫటికపు ఘనాకార (క్యూబిక్) సౌష్ఠవం చెడకుండా ఘనపరిమాణం ఒక శాతం దాకా పెరుగుతుంది. ఎంట్రోపీ తేడా గడోలినియంలో కంటే పెద్దదిగా రావడానికి ఈ జంట మార్పే కారణం.

స్వతహాగా ఇది జరిగేది సున్నా డిగ్రీలకు చాలా దిగువన. జాలకపు సందుల్లో హైడ్రోజన్ నింపి దాన్ని సాగదీస్తే ఆ ఉష్ణోగ్రత 50 డిగ్రీలు దాటుతుంది. అరకొరగా నింపితే మాత్రం చిక్కే: పరివర్తన ఉష్ణోగ్రత వద్ద ఎక్కువసేపు ఉంచినప్పుడు హైడ్రోజన్ వ్యాకోచించిన భాగాల్లోకి వలసపోయి, ఒకే పరివర్తన రెండుగా చీలిపోతుంది. పూర్తిగా నింపి, ఆ ఉష్ణోగ్రతను ఎంత కావాలో అంత మాంగనీసు కలిపి దించుకోవడమే సరైన మార్గం. అలా ఒక్కో పొర ఒక్కో ఉష్ణోగ్రత వద్ద మారేలా 5 నుంచి 50 డిగ్రీల దాకా పొరలు పేర్చుకోవచ్చు. నా దృష్టిలో మన ప్రాంతానికి తక్కెడ ఇటు మొగ్గేది ఈ ఒక్క సౌలభ్యం వల్లనే.

దీని లోపమూ ఆ ప్రథమ తరగతి దూకులోనే ఉంది. రెండు స్థితుల మధ్య శక్తి అవరోధం వల్ల ప్రతి చక్రంలోనూ కొంత పని వేడిగా వృథా అవుతుంది, ఉబ్బి కుంచించుకోవడంతో పదార్థం పగుళ్లు తీస్తుంది. సిలికాన్ పాలు పెంచితే ఆ దూకు మెత్తబడి ద్వితీయ తరగతి వైపు జరుగుతుంది; ప్రభావం కొంత తగ్గినా సరే, ఆ సరిహద్దు దగ్గరి కూర్పునే తీసుకోవాలి.

1997లో పెచార్స్కీ, గ్ష్నైడ్నర్‌లు ప్రకటించిన గడోలినియం-సిలికాన్-జర్మేనియం సమ్మేళనం ప్రసిద్ధమే గాని, పొరల మధ్య బంధాలే తెగి అతుక్కోవడం వల్ల అందులో హిస్టరిసిస్ ఎక్కువ, జర్మేనియం ఖరీదైనది. అరుదైన మృత్తిక లోహాలే అక్కర్లేని మాంగనీసు-ఇనుము-ఫాస్ఫరస్-సిలికాన్‌ను రెండో ఎంపికగా ఉంచుకోవచ్చు. ప్రయోగశాలలో విద్యార్థి మొదటిసారి ఈ ప్రభావాన్ని కొలవాలంటే మాత్రం గడోలినియమే చేతికివ్వాలి.