చావుల పట్టిక చదవడం నేర్పే పుస్తకం: డీఫో ‘ఎ జర్నల్ ఆఫ్ ది ప్లేగ్ ఇయర్’ ఉచిత ఈ-బుక్ సమీక్ష

కరోనా వచ్చిన కొత్తలో అంటురోగాల మీద పాత నవలలన్నీ అటకల మీంచి దిగాయి. చాలావరకు ధైర్యం చెప్పడానికో, భయపెట్టడానికో పనికొచ్చేవే. డేనియల్ డీఫో 1722లో అచ్చువేయించిన ఈ పుస్తకం తీరు వేరు. ప్రభుత్వం ఇచ్చే బులెటిన్‌ని ఎక్కడ పట్టుకుని చదవాలో చూపిస్తుంది. అంటురోగం వార్త మళ్లీ ఎప్పుడొచ్చినా ఆ విద్య పనికొస్తుంది కాబట్టి, కరోనా ముగిసిందని దీన్ని పక్కన పెట్టనక్కర్లేదు.

ముందు ఇదేం పుస్తకమో చెప్పాలి. 1665లో లండన్‌ని ఊడ్చేసిన ప్లేగు కథ ఇది. చెప్పేవాడు గుర్రాల జీనుల వ్యాపారి, పేరు బదులు హెచ్.ఎఫ్. అని పొడి అక్షరాలు మాత్రమే పెట్టుకుంటాడు. ఇల్లు ఆల్డ్‌గేట్ దగ్గర, పెళ్లి కాలేదు, అన్న ఊరు వదిలి పొమ్మన్నా పోలేదు. ఆ ప్లేగు నాటికి డీఫోకి ఐదేళ్లుంటాయేమో! కాబట్టి పేరులో ‘జర్నల్’ ఉన్నా ఇది డైరీ కాదు, నవల. అయితే లోపల పెట్టిన లార్డ్ మేయర్ ఉత్తర్వులూ, వారం వారం చావుల పట్టికలూ కల్పించినవి కావు. దీన్ని రాయించింది కూడా అప్పటి వార్తే. 1720లో ఫ్రాన్సులోని మార్సే రేవులో ప్లేగు పుట్టింది, 1721లో బ్రిటన్ క్వారంటైన్ చట్టం తెచ్చింది. రేపు మన దాకా వస్తే ఏమిటి అని జనం కొట్టుకుంటున్నప్పుడు డీఫో యాభై ఏడేళ్ల కిందటి కాగితాలు బయటికి తీశాడు.

పుస్తకానికి గుండెకాయ ఆ పట్టికలే. లండన్‌లో ఏ చర్చి పరిధిలో ఎందరిని పూడ్చారో, ఏ రోగంతో పోయారో వారానికోసారి అచ్చువేసేవారు. శవాన్ని చూసి రోగం పేరు చెప్పే పని ‘సెర్చర్లు’ అనే ఆడవాళ్లది. ప్లేగు అని రాస్తే ఆ ఇంటికి తాళం, తలుపు మీద అడుగు పొడవు ఎర్ర శిలువ, బయట రాత్రీ పగలూ కాపలా. ఇంట్లో మిగిలిన ఆరోగ్యవంతులు కూడా లోపలే. అందుకని ఇంటివాళ్లు చేతులు తడిపి మచ్చల జ్వరమనో, అజీర్ణమనో, పిల్లలకైతే పళ్లు రావడమనో రాయించేవారు. ఆగస్టు 1 నుంచి 8 దాకా ఉన్న వారాన్ని హెచ్.ఎఫ్. విడదీసి చూపిస్తాడు. జ్వరం 314, మచ్చల జ్వరం 174, అజీర్ణం 85, పళ్లు 90. మొత్తం 663. ఒక్క వారంలో పళ్లొచ్చి 90 మంది ఎలా పోతారని అతను అరవడు. అంకెలు వరసగా పెట్టి, ఇవి ఎందుకు పెరిగాయో తేలిగ్గానే తెలుస్తుందని ఊరుకుంటాడు.

లెక్క ఎలా కట్టాలో కూడా పుస్తకంలోనే ఉంది. మామూలు రోజుల్లో లండన్ మొత్తానికి వారానికి 240 నుంచి 300 దాకా ఖననాలని మొదట్లోనే చెప్తాడు. దాన్ని ఓ కాగితం మీద రాసి పెట్టుకోండి. ఆగస్టు 8–15 వారానికి మొత్తం చావులు 5,319, అందులో ప్లేగు కింద చూపినవి 3,880. తీసేస్తే 1,439 మంది ‘ఇతర రోగాలతో’ పోయినట్టు. మామూలు 300 అనుకున్నా, ఇంకా 1,100 పైచిలుకు చావులకు సమాధానం లేదు. చిన్న లెక్కకైతే జూన్ నెలలో సెయింట్ జైల్స్ పేట చూడండి. వారంలో 120 ఖననాలు, పట్టికలో ప్లేగు 68. జనం మాత్రం వందకు తక్కువ కాదన్నారు, ఆ పేటలో మామూలుగా ఎన్ని శవాలు లేస్తాయో వాళ్లకు తెలుసు గనక.

‘అదనపు మరణాలు’ అని 2021లో మనం పత్రికల్లో చదివింది ఇదే లెక్క. 2020, 2021 రెండేళ్లకూ కలిపి భారత్‌లో సుమారు 47 లక్షల అదనపు మరణాలని 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. అప్పటి అధికారిక లెక్క 4.8 లక్షలు. కేంద్రం ఆ పద్ధతినే ఒప్పుకోలేదు. ఈ పుస్తకం చదివినవాడు ఇద్దరిలో ఎవరు అబద్ధమాడారని అడగడంతో మొదలుపెట్టడు. మామూలు ఏడాది ఎన్ని చావులు నమోదవుతాయి, ఏ రాష్ట్రాల లెక్క దొరికింది, దొరకని చోట ఆ ఖాళీని ఏ గణిత అంచనాతో నింపారు అని అడుగుతాడు. కరోనా మరణానికి ప్రకటించిన పరిహారం 50,000 రూపాయల కోసం వచ్చిన దరఖాస్తులు ఆంధ్రలోనూ తెలంగాణలోనూ అధికారిక మరణాలను దాటిపోయినప్పుడు అది మోసమో, పాత లెక్కలోని లోటో తేల్చుకోవడానికి కూడా ఇవే ప్రశ్నలు.

ఈ తీసివేతలో ఒక ఇబ్బంది ఉంది, తొందరపడి చదివితే తప్పిపోతుంది. రాజూ, డబ్బున్నవాళ్లూ ముందే ఊరు వదిలేశారు. జనం తగ్గిన ఊళ్లో మామూలు చావులు కూడా తగ్గాలి. అంటే 300 తీసేస్తే ఎక్కువ తీసినట్టు, అసలు తేడా ఇంకా పెద్దది. పైగా లెక్క రాసే గుమాస్తాలూ, గోతులు తవ్వేవాళ్లూ కూడా పోయారు. చీకట్లో బండ్ల మీద వచ్చిన శవాలను ఎవరు లెక్కపెట్టారు? పట్టికల్లో 68 వేల పైచిలుకు ఉన్నా, హెచ్.ఎఫ్. తన అంచనా లక్ష అంటాడు.

వలస కూలీల వార్తలు గుర్తున్నవాళ్లు ముగ్గురు మిత్రుల కథ దగ్గర ఆగాలి. ఒకడు పూర్వం సైనికుడు, ఇప్పుడు బిస్కెట్లు చేసేవాడు. ఒకడు తెరచాపలు కుట్టేవాడు, ఒకడు వడ్రంగి. పనులు పోయి, గుడారంతో ఊరు దాటారు. వాల్తమ్‌స్టో ఊరివాళ్లు దారి కట్టేస్తే కర్రల్ని తుపాకుల్లా చెక్కి, గుడ్డలు చుట్టి, దూరం నుంచి పటాలంలా కనబడ్డారు. ఇరవై రొట్టెలు, మూడు నాలుగు పెద్ద గొడ్డుమాంసం ముక్కలు ఇచ్చి ఊరివాళ్లు గేట్లు తీశారు. అంతకు ముందే లార్డ్ మేయర్ వాకిట ఆరోగ్య ధ్రువపత్రాల కోసం తొక్కిసలాట. 2020 మార్చిలో హైదరాబాద్ హాస్టళ్ల పిల్లలు పోలీస్ స్టేషన్ల ముందు ఎన్ఓసీల (అభ్యంతరం లేదన్న పత్రాల) కోసం నిలబడి, అవి పట్టుకుని ఆంధ్ర సరిహద్దులోని గరికపాడు చెక్‌పోస్టు దాకా పోతే అక్కడ ఆపేశారు. ఒక అధికారి సంతకం పక్క సరిహద్దులో ఎందుకు చెల్లదో ఈ ముప్పై నలభై పేజీలు చదివితే అర్థమవుతుంది. దారి మీద ఉన్న ఊరికి పైవాడి కాగితం కంటే తన భయమే పెద్ద ఆజ్ఞ.

చిన్న వివరాలు కొన్ని మన రోజుల్లోంచి తీసినట్టే ఉంటాయి. మాంసం కొట్టువాడు ముక్క చేతికివ్వడు, కొనేవాడే కొక్కెం మీంచి తీసుకోవాలి. డబ్బులు వెనిగర్ కుండలో వేయాలి. చిల్లర ఇచ్చిపుచ్చుకునే పని పడకుండా కొనేవాడే సరిపడా చిల్లర తెచ్చుకుంటాడు. పేదలకు సలహా ఉచితమని బోర్డు పెట్టి మందుకు డబ్బు పిండిన వైద్యుడూ ఉన్నాడు. పట్టిక కాస్త దిగగానే జాగ్రత్త గాలికొదిలి జనం కలిసిపోయిన వారాలూ ఉన్నాయి.

ఇక లోపాలు. అధ్యాయాలు లేవు. మొదటి పేజీ నుంచి చివరిదాకా ఒకే ధార, పైగా చెప్పిందే మళ్లీ చెప్తాడు. ఒక్కో వాక్యం అరపేజీ నడుస్తుంది. ఎలుకల ఒంటి మీద బతికే ఫ్లీ పురుగులు ప్లేగును మోస్తాయన్న సంగతి అప్పటికి తెలియదు, రోగం రోగుల ఊపిరిలోనూ చెమటలోనూ పుళ్ల కంపులోనూ ఉందంటాడు. కుక్కల్నీ పిల్లుల్నీ చంపించిన సంగతిని తప్పుపట్టకుండా చెప్పుకుపోతాడు. ఇళ్లకు తాళం వేయడం పనికిరాలేదన్న అతని వాదనను లాక్‌డౌన్‌కి వ్యతిరేకంగా వాడినవాళ్లున్నారు, అది సరికాదు. అతని అభ్యంతరం రోగితో పాటు ఆరోగ్యవంతుల్ని బంధించడం మీద. లక్షణాలు కనబడకముందే మనిషి రోగం అంటిస్తాడు కాబట్టి తాళం ఎప్పుడూ ఆలస్యంగానే పడుతుందన్నది అతని రెండో మాట. అన్నిటికంటే గుచ్చుకునేది పేదల మీద చూపు. ముప్పై నలభై వేలమంది పేదలు పోవడం వల్ల నగరానికి భారం తప్పిందని వ్యాపారి గొంతుతో తాపీగా అనేస్తాడు. అది దాటెయ్యకండి. ఇప్పటి బడ్జెట్ చర్చల్లో కూడా ఆ గొంతు పైకి వినపడకుండా ఉంటుంది.

దొరికే చోటు ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ అనే ఈ-బుక్కుల సైటు, అందులో 376వ నంబరు. ఉచితం, లాగిన్ అడగదు. ఇపబ్ అనే ఈ-బుక్ ఫైలు దించుకోండి. టెక్స్ట్ ఫైలు తీసుకుంటే నిలువు ఫోన్‌లో పట్టికల గళ్లు విరిగి అంకెలు ఒకదాని కింద ఇంకొకటి పడతాయి, ఫోన్ అడ్డం తిప్పాలి. అధ్యాయాలు లేవు కనుక వెతుకు పెట్టెలో ‘వెనిగర్’, ‘వాల్తమ్‌స్టో’, ‘సర్టిఫికెట్స్’, ‘స్పాటెడ్ ఫీవర్’ అని ఇంగ్లీషులో కొడితే పైన చెప్పిన చోట్లకు పోవచ్చు. మొదటిసారి మొదటి ఇరవై పేజీలు, ఆగస్టు పట్టికలు, ముగ్గురు మిత్రుల కథ చాలు. లిబ్రివాక్స్‌లో ఉచిత ఆడియో ఉంది గానీ ఈ పుస్తకానికి అది వద్దు, అంకెలు చెవిలో నిలవవు. లండన్ పేటల పేర్లు తికమక పెడితే మాత్రం డబ్బు పెట్టి పెంగ్విన్ క్లాసిక్స్ గానీ ఆక్స్‌ఫర్డ్ వరల్డ్స్ క్లాసిక్స్ గానీ కొనుక్కోవచ్చు. వాటిలో నోట్స్ ఉంటాయి, ఉచిత ప్రతిలో ఉండవు.