ఫ్లట్టర్, రియాక్ట్ నేటివ్, లేక రెండు వేర్వేరు యాప్‌లు: ఏది మేలు?

మారతహళ్లి పీజీల్లో ఉంటూ ఉద్యోగం వెతుక్కుంటున్న మన పిల్లలూ, బెంగళూరులో సొంతంగా స్టార్టప్ పెట్టిన మిత్రులూ నన్ను తరచూ అడిగేది ఇదే: ఆండ్రాయిడ్‌కి కోట్లిన్ భాషలో, ఐఫోన్‌కి స్విఫ్ట్ భాషలో విడివిడిగా రాయాలా, లేక ఒకసారి రాస్తే రెంటిలోనూ నడిచే ఫ్లట్టర్, రియాక్ట్ నేటివ్ లాంటి ఫ్రేమ్‌వర్క్ ఒక్కటి చాలా?

టీమ్‌లో ఉన్నది నలుగురైదుగురే అయితే ఒకే ఫ్రేమ్‌వర్క్ మేలు. అందరూ మొదటి వెర్షన్ ఎంత త్వరగా వస్తుందనే లెక్క వేస్తారు. కానీ స్క్రీన్ రాసేది ఒకసారి, మార్చేది ఏళ్ల తరబడి. విడివిడిగా రాస్తే అడ్రస్ ఫారమ్‌లో చిన్న మార్పుకైనా ఇద్దరు కూర్చోవాలి, టెస్టింగ్ రెండుసార్లు జరగాలి. ఆండ్రాయిడ్‌లో ఈ వారం వెళ్లిపోతుంది, ఐఫోన్‌లో తర్వాతి రిలీజ్‌కి వాయిదా పడుతుంది. ఏడాది తిరిగేసరికి అవి రెండు వేర్వేరు యాప్‌లే. ఫోన్ చేసిన కస్టమర్‌కి ఏ బటన్ నొక్కాలో చెప్పాలన్నా, ముందు ఏ ఫోనో అడగాల్సి వస్తుంది.

మరి ఫ్లట్టరా, రియాక్ట్ నేటివా? 2015లో ఫేస్‌బుక్ విడుదల చేసిన రియాక్ట్ నేటివ్, ఫోన్‌లో ఉన్న బటన్లూ టెక్స్ట్ బాక్సులనే వాడుకుంటుంది. 2018 డిసెంబర్‌లో 1.0 వచ్చిన గూగుల్ ఫ్లట్టర్ స్క్రీనంతా తనే గీస్తుంది. నా వరకు తేల్చేది ఈ తేడాయే.

అడ్రస్ ఫారమ్‌లో 'రాష్ట్రం' అనే మాటనే చూడండి. బాక్స్ ఎత్తు ఇంగ్లిష్ అక్షరాలకు సరిపోయేలా బిగించేస్తే కింది వత్తులు తెగిపోతాయి. ఆండ్రాయిడ్‌లో తెలుగుకి సాధారణంగా నోటో ఫాంట్, ఐఫోన్‌లో కోహినూర్. వాటి కొలతలు వేరు కాబట్టి ఒకదానిలో సరిచేస్తే రెండోదానిలో అక్షరాలు పైకో కిందికో జరుగుతాయి. నోటో ఫాంట్‌ని యాప్‌లోనే పెట్టినా, రియాక్ట్ నేటివ్‌లో ఆ అక్షరాలను పేర్చేది ఏ ఫోన్‌కి ఆ ఫోనే, కాబట్టి రెండు చోట్లా చూసుకోక తప్పదు. ఫ్లట్టర్‌లో ఫాంట్ పెట్టి, లైన్ హైట్ (వరుస ఎత్తు) ఒకసారి సరిచూసుకుంటే రెంటిలోనూ ఒకేలా నిలుస్తుంది. ఫాంట్ పెట్టకపోతే మాత్రం అదీ ఫోన్ ఫాంట్‌నే తీసుకుంటుంది, మర్చిపోకండి. తెలుగు చదివేవాళ్ల కోసం యాప్ చేస్తూ వత్తులు తెగ్గొట్టి పంపడం నాకు అస్సలు నచ్చదు.

ఫ్లట్టర్‌కీ లోట్లున్నాయి. యాప్ సైజు కొన్ని ఎంబీలు పెరుగుతుంది. 2025లో ఆపిల్ ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 26తో లిక్విడ్ గ్లాస్ అనే గాజులాంటి కొత్త రూపం తెచ్చినప్పుడు ఫ్లట్టర్ యాప్‌లకు ఆ రూపం దానంతటదే రాలేదు. పైగా బెంగళూరులో రియాక్ట్ (వెబ్‌సైట్లకు వాడేది, రియాక్ట్ నేటివ్‌కి మూలం) తెలిసినవాళ్లు దొరికినంత సులువుగా ఫ్లట్టర్ భాష డార్ట్ తెలిసినవాళ్లు దొరకరు. వెబ్‌సైట్ ఇప్పటికే రియాక్ట్‌లో ఉండి, ఆ టీమే యాప్ కూడా చేయాలంటే రియాక్ట్ నేటివ్‌కే వెళ్లండి, నేను అడ్డు చెప్పను.

బ్లూటూత్ పరికరాలతోనో, కెమెరాతోనో రోజంతా పనుండే యాప్ అయితే విడివిడిగా రాయడమే నయం. కోట్లిన్ వచ్చిన టీమ్ ఉంటే, ఆ భాషలోనే రెండు ఫోన్లకూ స్క్రీన్లు రాసే కంపోజ్ మల్టీప్లాట్‌ఫామ్ చూడొచ్చు, ఐఫోన్‌కి 2025 మేలో స్టేబుల్ (నిలకడైన వెర్షన్) అయింది. ఆఫీసు లోపల వాడే ఫారమ్‌లకు, వెబ్ పేజీల పద్ధతిలోనే యాప్ రాసే అయానిక్ చాలు.