సెకండ్ హ్యాండ్ హార్లే స్ట్రీట్ 750 కొనబోతున్నారా? డబ్బు కట్టే ముందు ఇది చదవండి

కోపం చల్లారకముందే రాస్తున్నాను, వాక్యాలు అటూ ఇటూ అయితే సర్దుకోండి. హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్ పెద్ద బండ్లమ్మే షోరూంలు ఎలా ఉంటాయో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఏసీ హాలు, గోడ మీద గద్ద బొమ్మ, అడగకుండానే కాఫీ, ప్రతి మాటకీ ఓ "అన్నా". అలాంటి ఒకచోట హార్లే-డేవిడ్సన్ స్ట్రీట్ 750, 2017 మోడల్, మహారాష్ట్ర రిజిస్ట్రేషన్, 2 లక్షల 70 వేలకి కొన్నాం. షోరూం పేరు అడక్కండి, ఫిర్యాదు నడుస్తోంది.

అమ్మేటప్పుడు వాళ్లు పాడే పాట ఒకటే. "కంపెనీ ఇండియా నుంచి పోయింది కదన్నా, ఇక కొత్తవి రావు. రేపు ఆర్డీ 350కి పలికిన రేటు దీనికీ పలుకుద్ది." వినడానికి బాగుంది. కానీ ఆర్డీ అంటే 1980ల నాటి యమహా టూ స్ట్రోక్ బండి, కార్బ్యురేటర్లు, పాయింట్లు. చెయ్యి తిరిగిన పాత మెకానిక్ ఎవరైనా విప్పి బిగిస్తాడు, లేని పార్టు లేత్ మీద చేయిస్తాడు. స్ట్రీట్‌లో ఉన్నది లిక్విడ్ కూల్డ్ వీ ట్విన్ (రెండు సిలిండర్ల ఇంజన్), ఫ్యూయల్ ఇంజెక్షన్, ఈసీయూ అనే చిన్న కంప్యూటర్, సెన్సర్లు. సెన్సర్‌ని లేత్ మీద తిప్పలేం కదా.

ఇక అసలు సంగతి. బండితో పాటు లావుపాటి సర్వీసు ఫైలు ఇచ్చారు. ఫైలు లావు చూసి మురిసిపోవడం మనకి పుట్టుకతో వచ్చిన జబ్బు. పైన రెండు చిన్న బిల్లులు ఆయిల్, ఫిల్టర్ మార్చినవి, సక్రమంగానే ఉన్నాయి. వాటి కింద పెద్ద బిల్లు: వెనక చక్రం తిప్పే డ్రైవ్ బెల్టు కొత్తది, బ్యాటరీకెళ్లే కరెంటును అదుపు చేసే రెగ్యులేటర్ కొత్తది, పక్కన లేబర్. కౌంటర్లో కుర్రాడు ఆ బిల్లు మీదే వేలు పెట్టి "బెల్టు, కరెంటు వర్కు మొత్తం చేయించి ఉందన్నా" అన్నాడు. బ్యాటరీ పడిపోయి బండి మెకానిక్ దగ్గరికి చేరాక ఆ బిల్లు మొదటిసారి పూర్తిగా చదివాం. మోడల్ గడిలో ఐరన్ 883 అని ఉంది, అది హార్లేలోనే స్పోర్ట్‌స్టర్ రకం వేరే బండి. ఛాసిస్ నంబరు వేరే. అంటే ఇంకెవరిదో స్పోర్ట్‌స్టర్ బిల్లు తెచ్చి ఈ ఫైల్లో కుట్టారు. సీటు విప్పి వైరింగు వెంట వెతికితే రెగ్యులేటర్ దగ్గర వైర్లు కలిపే కంపెనీ ప్లగ్గు, అదే కప్లర్, లేనే లేదు. లోకల్ రెగ్యులేటర్ ఒకటి పెట్టి, మూడు పసుపు వైర్లు చేత్తో మెలేసి నల్ల టేపు చుట్టారు. టేపు కరిగి జిగురు కారుతోంది. ఆ అతుకు వేడెక్కి, వేడెక్కి చివరికి ఇంజన్ లోపల కరెంటు పుట్టించే తీగచుట్ట, అదే స్టేటర్, కూడా మాడింది.

ఫైలు పట్టుకెళ్లి బల్ల మీద పెడితే వచ్చిన జవాబు యథాతథంగా: "సార్, డెలివరీ నోట్‌లో ఉన్నది ఉన్నట్టుగా అని సంతకం పెట్టారు. హార్లే మెయింటెయిన్ చెయ్యలేనోళ్లు స్ప్లెండర్ కొనుక్కోవాలి." డబ్బు కట్టేదాకా "అన్నా", కట్టాక "సార్". ఇంకో తమాషా ఏంటంటే, ఆ స్ప్లెండర్ తయారు చేసే హీరోనే 2020 ఒప్పందంతో ఇక్కడ హార్లే అమ్మకాలు, సర్వీసు చూస్తోంది. ఆ సంగతి పెద్దమనిషికి తెలిసినట్టు లేదు.

స్ట్రీట్‌కి స్పేర్లు దొరకడం ఎందుకు కష్టమో అర్థం కావాలంటే కంపెనీ పరిస్థితి కొంచెం తెలియాలి. 1903లో మిల్వాకీలో పుట్టిన కంపెనీ. 2006లో ప్రపంచం మొత్తానికి దాదాపు 3 లక్షల 49 వేల బండ్లు పంపింది. 2024కి ఆ లెక్క లక్షా యాభై వేల దగ్గరికి జారింది. మన దగ్గర 2020 సెప్టెంబర్‌లో అమ్మకాలు, తయారీ ఆపేస్తున్నామని ప్రకటించారు, హర్యానాలోని బావల్ ప్లాంటు మూతపడింది. నెల తిరిగేసరికి హీరోతో ఒప్పందం. మన దగ్గరి స్ట్రీట్ 750 తయారైంది ఆ బావల్‌లోనే. ఆ తర్వాత అమెరికాలోనూ ఈ మోడల్ జాబితాలోంచి పోయింది. 2025 అక్టోబర్‌లో వచ్చిన కొత్త సీఈఓ గోల్ఫ్ వినోద కేంద్రాలు నడిపే కంపెనీ నుంచి వచ్చాడు. ఆయన ముందున్న చిక్కు అమెరికాలో షోరూంలు నిండా పేరుకున్న స్టాకు. ఆపేసిన ఇండియా మోడల్ స్టేటర్ గురించి అక్కడ ఎవరికీ నిద్ర పట్టకుండా ఏమీ లేదు.

అమ్మేవాళ్లు చెప్పని ముక్క ఇంకోటుంది. స్ట్రీట్‌లోని రెవల్యూషన్ ఎక్స్ ఇంజన్ స్ట్రీట్, స్ట్రీట్ రాడ్ తప్ప ఇంకే హార్లేలోనూ లేదు. 883 స్పోర్ట్‌స్టర్‌కి దశాబ్దాల నాటి వాడకం ఉంది, బయటి కంపెనీల మాల్ కుప్పలుగా దొరుకుతుంది. స్ట్రీట్‌కి ఆ వెసులుబాటు లేదు. "ఇప్పుడు హీరో కంపెనీ హార్లే ఎక్స్440 తయారు చేస్తోంది కదా, పార్టులు అవే పడతాయి" అని ఎవడైనా అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. 2023లో వచ్చిన ఎక్స్440 సింగిల్ సిలిండర్, ఆయిల్ కూల్డ్, చైన్ బండి. స్ట్రీట్ రెండు సిలిండర్లు, కూలెంట్, బెల్టు. ట్యాంకు మీద పేరొక్కటే కలుస్తుంది.

సరే, కొని తీరాల్సిందే అనుకుంటే చూడాల్సినవి. ముందు ఫైల్లో ప్రతి బిల్లు మీదా ఛాసిస్ నంబరును ఆర్సీతో, ఆ రెండిటినీ బండి స్టీరింగ్ మెడ మీద కొట్టిన నంబరుతో సరిచూడండి. పార్టు నంబరు లేని బిల్లు చిత్తు కాగితం. ఏ పార్టైనా అడిగేటప్పుడు స్ట్రీట్ అని చెప్పి ఊరుకోకండి, స్ట్రీట్ బాబ్, స్ట్రీట్ గ్లైడ్ అని వేరే బండ్లున్నాయి. ఈ బండికి కంపెనీ కోడ్ ఎక్స్‌జీ750, అదీ, ఏ సంవత్సరమో చెప్పండి.

మల్టీమీటర్ జేబులో పెట్టుకెళ్లండి, అయిదు వందలకి దొరికేది చాలు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే వెళ్లాలి. మీరు వచ్చేసరికే బండి వేడిగా ఉందంటే అప్పుడే ఒక అనుమానం రాసుకోండి. ఆపి ఉన్నప్పుడు బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. స్టార్ట్ చేసి యాక్సిలరేటర్ కొంచెం పెంచి పట్టుకుంటే 13.5 నుంచి 14.5 మధ్య నిలబడాలి. 13 కూడా దాటకపోతే స్టేటరో రెగ్యులేటరో పోయినట్టు. 15 దాటుతుంటే రెగ్యులేటర్ అదుపు తప్పింది, బ్యాటరీని ఉడకబెడుతుంది. 13 దాటని బండికి ఇంజన్ ఆపి, స్టేటర్ కప్లర్ ఊడదీసి, మీటరు బీప్‌లో పెట్టి ఒక్కో పిన్నుకీ బండి బాడీకీ మధ్య చూడండి. బీప్ వచ్చిందా, లోపల వైండింగ్ మాడి బాడీకి తగిలింది. బీప్ రాకపోయినా ఆగకండి. కప్లర్ అలాగే ఊడదీసి ఉంచి ఇంజన్ స్టార్ట్ చేసి, ఏసీ వోల్టేజీలో పెట్టి మూడు పిన్నుల్ని రెండేసి చొప్పున చూడాలి. మూడు జతలూ ఒకేలా పెరగాలి, ఒక జత వెనకబడితే స్టేటర్ పోతోందని లెక్క. కప్లర్ దగ్గర టేపు కనబడితే ఈ కొలతలన్నీ అక్కర్లేదు, నమస్కారం పెట్టి వచ్చేయడమే.

ముందు బ్రేక్ విడిగా చూడాలి. 2018లో ఈ స్ట్రీట్ మోడళ్ల ముందు కాలిపర్ల (డిస్క్‌ని నొక్కి పట్టే భాగాలు) మీద కంపెనీ రీకాల్ వేసింది, అంటే లోపం సరిచేయడానికి బండ్లు వెనక్కి పిలిచింది. పిస్టన్లు పూర్తిగా వెనక్కి రాక బ్రేక్ పట్టేసి ఉండిపోతుంది. ముందు చక్రం లేపించి, బ్రేక్ గట్టిగా నొక్కి వదిలి, చేత్తో తిప్పండి. తేలిగ్గా తిరగాలి. కాసేపు నడిపొచ్చాక డిస్క్ దగ్గర చెయ్యి పెట్టలేనంత సెగ కొడితే అదే జబ్బు. బెల్టు పళ్ల మధ్య ఇరుక్కున్న రాళ్లు, అంచున లేచిన పోగులు టార్చి వేసి చూడండి. అతుకు లేని బెల్టు కాబట్టి మార్చాలంటే వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్ ఊడదీసే పని పడొచ్చు, లేబరే మోత మోగుతుంది. కూలెంట్ డబ్బాలో తుప్పు రంగు నీళ్లుంటే ఎవడో కుళాయి నీళ్లు పోశాడు. ఫ్యాన్ తిరగడం మొదలయ్యేదాకా బండి ఆన్‌లో ఉంచండి, సేల్స్‌మ్యాన్ ఎంత తొందరపెట్టినా సరే.

కాగితాలు: వేరే రాష్ట్రం బండికి ఫారం 28 ఎన్‌ఓసీ, ఫైనాన్సు ఉంటే అది తీరిందని ఫారం 35, బదిలీకి 29, 30. ఇక్కడి లైఫ్ ట్యాక్స్ ఎవరు కడతారో ముందే రాయించుకోండి. పాత బండ్ల డీలర్లకి 2023 ఏప్రిల్ నుంచి ఆర్టీఏ అనుమతి పత్రం ఉండాలి, ఫారం 29బి. చూపించమని అడిగితే ముఖం ఎలా మారుతుందో గమనించండి. "ఉన్నది ఉన్నట్టుగా" అన్న లైను కొట్టేయించండి, కొట్టేయనంటే సంతకం వద్దు.

మోసపోయినవాళ్లు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. బండికి ఇచ్చిన డబ్బు 5 లక్షల లోపైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫీజు లేదు, గడువు రెండేళ్లు. తప్పుడు బిల్లు ఒరిజినల్ మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకండి, "చూసి ఇస్తాం సార్" అంటారు.

మర్చిపోయాను, వెనక టైరు 140/75, 15 అంగుళాల రిమ్ము. ప్రతి షాపులో దొరికే సైజు కాదు. టైరు పక్కన నాలుగంకెల తయారీ తేదీ (వారం, సంవత్సరం) చూసి, అరిగిపోయి ఉంటే వాళ్లతోనే కొత్తది వేయించాక బేరం మాట్లాడండి.