లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్లు: కొని మళ్లీ అమ్ముకునేవాళ్లకి పనికొస్తాయా?

పనికొస్తాయి. కానీ యూట్యూబ్ వీడియోల్లో చూపించినట్టు ఇరవైకి కొని రెండొందలకి అమ్మేసి, నెల తిరిగేసరికి ఇంకో జీతం సంపాదించే వ్యవహారం అయితే కాదు. విజయవాడలో ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలూ సెలవు రోజులూ ఈ పని మీదే తిరుగుతుంటాను కాబట్టి, చదువుకోవడానికి కొనేవాళ్ల వైపు నుంచి కాకుండా, కొని అమ్ముకునేవాళ్ల వైపు నుంచి ఈ కొట్లు ఎలా ఉంటాయో ఉన్నదున్నట్టు చెప్తాను.

చోటు అందరికీ తెలిసిందే. ఏలూరు రోడ్డు మీద లెనిన్ విగ్రహం ఉన్న సెంటర్, బీసెంట్ రోడ్డు నుంచి నడిచి వచ్చేయొచ్చు. చిన్న చిన్న కొట్లు, లోపల నేల నుంచి పైదాకా కట్టలు, బయట ఇంకో నాలుగు దొంతరలు. బండి పెట్టుకోవడానికి చోటు దొరకదు. సాయంత్రం పూట నిలబడి ఒక పుస్తకం తిరగేయడం కూడా కష్టమే, వెనక నుంచి తోసుకుంటూనే ఉంటారు. తీరిగ్గా వెతకాలంటే పొద్దున కొట్లు తెరిచే వేళకి వెళ్లాలి. ఫోన్‌పే, గూగుల్‌పే తీసుకుంటారు, బిల్లు మాత్రం ఆశించకండి. కొన్నది వెనక్కి తీసుకోరు, అందుకే చూసుకోవాల్సిందంతా అక్కడే నిలబడి చూసుకోవాలి.

ఇక సరుకు సంగతి. ఇక్కడ జరిగే వ్యాపారంలో ఎక్కువ భాగం చదువు పుస్తకాలదే. ఇంటర్, ఇంజనీరింగ్, ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్), డీఎస్సీ, గ్రూప్స్, బ్యాంకు పరీక్షలు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు వీటి మీదే పడతారు, ఎందుకంటే గిరాకీ కళ్లముందే కనిపిస్తుంది. త్వరగా పోయే మాట నిజమే. 2025 ఏప్రిల్‌లో 16,347 పోస్టులకి మెగా డీఎస్సీ నోటిఫికేషన్ వచ్చాక డీఎస్సీ పుస్తకాల కట్ట విప్పడం ఆలస్యం, చేతులు మారిపోయేవి. కానీ ఈ సరుకు ఎంత త్వరగా పోతుందో అంతే త్వరగా చచ్చిపోతుంది కూడా. జేఎన్‌టీయూ కాకినాడలో ఇంజనీరింగ్ రెగ్యులేషన్, అంటే సిలబస్, ఆర్20 నుంచి ఆర్23కి మారాక, అన్ని సబ్జెక్టులూ కలిపి వేసే పాత రెగ్యులేషన్ ఆల్ ఇన్ వన్‌లు బ్యాక్‌లాగ్స్ ఉన్న పిల్లలు తప్ప ఎవరూ అడగరు. ఇంటర్‌లో 2025-26 నుంచి ఫస్టియర్ సిలబస్సే మారిపోయింది. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలొచ్చాయి, మ్యాథ్స్‌లో ఏ, బీ రెండు పేపర్లూ కలిసి ఒక్కటయ్యాయి, బోటనీ, జువాలజీ కలిసి బయాలజీ అయింది. అంతకుముందు ఏడాది తక్కువకి వస్తున్నాయని సంచులకి సంచులు కొని ఇంట్లో పెట్టుకున్నవాళ్లకి ఆ సరుకు ఇక కిలోల లెక్కనే పోతుంది. ఇప్పటికీ కొన్ని కొట్ల ముందు ఆ పాత సెట్లు చాలా చవగ్గా కనిపిస్తాయి, ఆశపడొద్దు. చదువు పుస్తకాల్లో కొనదల్చుకుంటే ఇంగ్లిష్ గ్రామర్, అర్థమెటిక్, రీజనింగ్ లాంటివి, ఇంజనీరింగ్‌లో సబ్జెక్టు మొత్తానికి ఉపయోగపడే పెద్ద టెక్స్ట్‌బుక్కులు కొనండి. సిలబస్ మారినా వాటికి విలువ ఉంటుంది.

ఇంగ్లిష్ నవలల గురించి రెండే మాటలు. కొత్తగా, తళతళలాడుతూ, అన్నీ ఒకే సైజులో కనిపించే బెస్ట్ సెల్లర్లు చాలావరకు దొంగ ప్రింట్లు. లోపల అక్షరం మసగ్గా ఉంటుంది, కాగితం అవతలి వైపు అచ్చు కనపడేంత పల్చన, పక్క మార్జిన్ ఒక పేజీలో ఒకలాగా ఇంకో పేజీలో ఇంకోలాగా ఉంటుంది. అసలు పుస్తకం ఎన్ని చేతులు మారినా అమ్ముకోవచ్చు, అది చట్టబద్ధమే. దొంగ ప్రింటు అమ్మడం కాపీరైట్ నేరం, వాటి జోలికి వెళ్లొద్దు. ఈ విషయంలో లెనిన్ సెంటర్‌కి నేను మార్కులు తగ్గిస్తాను, అసలువీ నకిలీవీ ఒకే దొంతరలో కలిపి పెట్టే కొట్లు ఉన్నాయి. అడిగితే నిజం చెప్పేవాళ్లూ ఉన్నారు, అడగాలి.

నాకు అసలు ఇష్టమైన సరుకు పాత తెలుగు పుస్తకాలు. ఈ ఊరు తెలుగు ప్రచురణలకి పెట్టింది పేరు, ఇక్కడ తరాలుగా పుస్తకాలు కొని దాచుకున్న ఇళ్లున్నాయి. పెద్దాయన పోయాక, పాత ఇల్లు అపార్ట్‌మెంటుకి ఇచ్చేశాక, బీరువాల్లో ఉన్నదంతా ముందు పాత పేపర్లవాడి తూకంలోకి వెళ్తుంది, అందులో కొంత ఈ కొట్లకి చేరుతుంది. రిటైరైన తెలుగు మాస్టార్ల పుస్తకాలైతే చూడగానే తెలిసిపోతుంది, ప్రతి పుస్తకానికీ బ్రౌన్ పేపర్ అట్ట, వెనక వైపు నంబరు, లోపల పెన్సిల్‌తో గీతలు.

వారపత్రికల్లో వచ్చిన సీరియళ్లని వారం వారం కత్తిరించి, దాచి, చివరికి బైండు చేయించుకునేవాళ్లు మన ఇళ్లల్లో. మా అమ్మమ్మా చేసేది. అలాంటి బైండ్లు ఇక్కడ ఇప్పటికీ దొరుకుతాయి. మొన్న ఒకటి దొరికింది. ముదురాకుపచ్చ కాలికో గుడ్డ అట్ట, మొదటి పేజీలో నీలం సిరాతో ఒకావిడ పేరూ, 'గుంటూరు, 1974' అనీ. లోపల పిన్నులు తుప్పు పట్టి కాగితం మీద గోధుమరంగు మచ్చలు. మధ్యలో ఒక వారం భాగం దొరకలేదేమో, రెండు పేజీలు చేత్తో రాసి అంటించారు. పక్కింటివాళ్ల పత్రిక తెచ్చి చూసి రాసుకున్నారో ఏమో. అచ్చయిన పుస్తకం అయితే ఇంకో కాపీ ఎక్కడో ఉంటుంది, ఇలాంటిది ఇంకోటి ఉండదు. పుస్తకంగా ఎప్పుడూ రాని సీరియళ్ల కోసం ఎదురుచూసే పాఠకులు ఇప్పటికీ ఉన్నారు, వాళ్లకి ఇది చేరినప్పుడు వాళ్లు పెట్టే మెసేజ్‌లు చదివితే మనకి ఎంత మిగిలిందన్నది గుర్తుకి రాదు.

అలాగని పాతదల్లా డబ్బు కాదు. చందమామ కనపడగానే కళ్లు మూసుకుని కొనేసేవాళ్లని చూస్తుంటాను. 1947 జూలైలో మొదలైన పత్రిక అది, తొలి ఏళ్ల సంచికలు అట్టతో సహా దొరికితే నిజంగానే మంచి ధర పలుకుతాయి. ఎనభైలు, తొంభైల నాటివి మాత్రం బోలెడున్నాయి, పైగా స్కాన్లు ఇంటర్నెట్‌లో ఊరికే దొరుకుతున్నాయి. పాత తెలుగు పుస్తకాలు చాలా ఆర్కైవ్.ఆర్గ్ సైట్‌లో ఉచితంగా చదువుకోవచ్చు, కొనేముందు అక్కడ ఉందో లేదో చూసుకోండి. ఉంటే కేవలం చదవాలనుకునేవాళ్లు కొనరు, దాచుకోవాలనుకునేవాళ్లే కొంటారు. వాళ్లకి అట్ట, కుట్టు, మొదటి ముద్రణ అన్నీ కావాలి.

చూసుకోవడం అంటే ఏం చూడాలి? ముందు టైటిల్ పేజీ వెనక ముద్రణ వివరాలు, ఎన్నో ముద్రణ, ఏ ఏడు. తర్వాత చివరి పేజీలు, మన దగ్గర పోయేవి ఎక్కువగా అవే. పుస్తకాన్ని అడ్డంగా పట్టుకుని అంచు చూడండి, అల అలలుగా ఉందంటే ఎప్పుడో నీళ్లలో నానింది. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు వరద ఊరి మీద పడ్డాక తడిసి ఆరిన పుస్తకం ఏదైనా ఇక్కడికి వచ్చి ఉండొచ్చని నేనింకా ప్రతిదీ వాసన చూసే కొంటాను. బూజు వాసన వచ్చేదాన్ని మంచి పుస్తకాల పక్కన పెట్టినా ప్రమాదమే. లైబ్రరీ ముద్ర ఉంటే ఇంకో సంగతి, రద్దు చేసినట్టు ముద్ర కూడా ఉంటేనే తీసుకోవాలి. లేకపోతే అది ఎవరో ఎత్తుకొచ్చినది కావచ్చు, ఎంత అరుదైనదైనా వదిలేయండి.

బేరం విషయానికొస్తే, పుస్తకం చేతిలో పట్టుకుని ఫోన్‌లో రేటు వెతుకుతూ నిలబడ్డారంటే అక్కడే ధర పెరిగిపోతుంది. కొట్టువాళ్లకీ ఫోన్లున్నాయి, వాళ్లూ చూసుకుంటారు. నేను రెగ్యులర్‌గా వెళ్లే కొట్లో ఒక పెద్దాయన ఉన్నారు, ఓసారి ఒక కథల సంపుటికి రెండొందలన్నారు. "బాబాయ్, అట్ట ఊడిపోయింది కదా, నూట ఇరవై చేసుకోండి" అన్నాను. ఆయన పుస్తకం తీసుకుని, ఊడిన అట్టని చేత్తో సర్ది, "ఇది మళ్లీ అచ్చు వెయ్యలేదు నాన్నా, నీకూ తెలుసు, నాకూ తెలుసు. నూట ఎనభై ఇవ్వు, ఆ కింద కట్టలో ఇంకోటుంది, అది యాభైకి తీసుకెళ్లు" అన్నారు. ఆ యాభై పుస్తకమే ముందు అమ్ముడుపోయింది. ఇలాంటి మనుషుల దగ్గర గీసి గీసి బేరమాడితే నష్టపోయేది మనమే. మంచి కట్ట వచ్చినప్పుడు ఫోన్ చేసి చెప్పేది వాళ్లే కదా.

లాభం ఎంత అని అడుగుతారు. నూటయాభైకి కొన్న పాత తెలుగు నవల నాలుగొందలకి పోయిందనుకోండి, చూడ్డానికి రెండొందల యాభై మిగిలినట్టుంటుంది. అందులో పోస్టు, అట్టపెట్టె, టేపు, పెట్రోలు తీసేస్తే నూటయాభై చేతికొస్తే గొప్ప. అదీ వెంటనే పోతే. కొన్నవాటిలో కొన్ని నెలల తరబడి అలమరలోనే ఉంటాయి. అందుకే చవగ్గా వచ్చిందని కొనడం మానేసి, ఎవరైనా అడిగింది కొనడం మొదలుపెట్టాలి. నా దగ్గర ఒక నోట్‌బుక్ ఉంది, ఎవరు ఏ పుస్తకం కోసం వెతుకుతున్నారో అందులో రాసుకుంటాను. హైదరాబాద్, బెంగళూరు, అమెరికాలో ఉన్నవాళ్లు, చిన్నప్పుడు చదివిన ఏడో తరగతి తెలుగు వాచకం కావాలనేవాళ్లు, నాన్నగారు రాసి సొంత ఖర్చుతో అచ్చేయించుకున్న పద్యాల పుస్తకం ఒక్క కాపీ కూడా ఇంట్లో మిగల్లేదనేవాళ్లు. వాళ్లు డబ్బిచ్చేది వెతికిపెట్టినందుకు. లెనిన్ సెంటర్ బలం కూడా ఇదే, వెతకడానికి సరిపడా సరుకు ఒకే చోట ఉండటం. గుంటూరులో, తెనాలిలో మంచి పుస్తకాలు లేవని కాదు, ఇన్ని కొట్లు పక్కపక్కన దొరకవు.

పంపడానికి పోస్టాఫీసే మేలు. 2025 మే నుంచి జ్ఞాన్ పోస్ట్ అని పుస్తకాలకి ప్రత్యేకంగా ఒక సర్వీసు పెట్టారు, 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోలకి 100, పన్ను అదనం, ట్రాకింగ్ కూడా ఉంటుంది. రోడ్డు, రైలు మార్గంలోనే వెళ్తుంది కాబట్టి కాస్త ఆలస్యమవుతుంది, కొనేవాళ్లకి ముందే చెప్పండి. పుస్తకం మీద ప్రచురణకర్త పేరో ముద్రాపకుల పేరో ఉండాలి. వార, మాసపత్రికలకి ఇది వర్తించదు, అవి మామూలు పార్సిల్‌లోనే పంపాలి. ప్రైవేటు కొరియర్ ఒకటి వాడి చూశాను, వానాకాలంలో పెట్టె తడిసి ముద్దయి చేరింది, అడిగితే జవాబు చెప్పే నాథుడు లేడు. పోస్టులో పంపినా సరే ముందు ప్లాస్టిక్ కవరు, దాని మీద అట్ట, ఆ తర్వాతే టేపు.

ఫేస్‌బుక్‌లో, ఓఎల్ఎక్స్‌లో పెడితే పుస్తకం గురించి ఒక్క ప్రశ్న కూడా వేయకుండా "వెంటనే తీసుకుంటా, క్యూఆర్ పంపుతున్నా, స్కాన్ చేస్తే మీకు డబ్బులొస్తాయి" అనేవాళ్లు తగులుతారు. డబ్బు రావడానికి స్కాన్ చేయక్కర్లేదు, పిన్ కొట్టక్కర్లేదు, ఇది గుర్తుంటే చాలు. ఎవరైనా మోసపోతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ముద్రించిన పుస్తకాల మీద జీఎస్టీ లేదు కానీ వచ్చిన లాభం ఆదాయమే, ఐటీ రిటర్న్‌లో చూపించాలి. లెక్క మొదటి నుంచే రాసుకుంటే టెన్షన్ ఉండదు.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. పరీక్షల సీజన్‌లో సెట్లకి సెట్లు కొనేసి, కొరత వచ్చాక రెట్టింపుకి అమ్మేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. ఆ కొట్లకి ఉయ్యూరు నుంచీ, నూజివీడు నుంచీ బస్సెక్కి వచ్చే పిల్లలు కొత్త పుస్తకం కొనలేకే వస్తారు. వాళ్లకి అందాల్సిన పుస్తకాన్ని మధ్యలో ఆపి లాభం తీయడం నాకు అస్సలు నచ్చదు. చేయడానికి వేరే సరుకు బోలెడుంది.

మొత్తమ్మీద ఐదుకి నాలుగిస్తాను. నకిలీలు కలిపేస్తున్నందుకు ఒకటి తీసేశాను. మొదటిసారి వెళ్లేవాళ్లు రెండు వేలకి మించి జేబులో పెట్టుకోకండి, నాలుగైదు పుస్తకాలే కొని అవి అమ్ముడుపోయాక మళ్లీ వెళ్లండి. ఏప్రిల్, మే నెలల్లో పిల్లలు పుస్తకాలు తెచ్చి అమ్ముతారు, అప్పుడు సరుకు బాగా ఉంటుంది. జూన్‌లో కాలేజీలు తెరిచే వారాల్లో మాత్రం వెళ్లొద్దు, ఆ రోజుల్లో కొట్టువాళ్లకి పిల్లలతో, వాళ్ల తల్లిదండ్రులతోనే సరిపోతుంది, మనతో మాట్లాడే తీరిక ఉండదు.