మామగారి ఆటో-5 తుపాకీ: తొమ్మిదేళ్ళు వాడాక

డిసెంబరులో ఒక ఆదివారం పొద్దున, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ దగ్గరి షూటింగ్ రేంజిలో నా వంతొచ్చింది. "పుల్" అన్నాను. గురిపెట్టి కొట్టాల్సిన మట్టి బిళ్ళ, క్లే, గాల్లోకి లేచింది. ట్రిగ్గర్ నొక్కితే "టక్" అని ఊరుకుంది. ఆలస్యంగా పేలుతుందేమోనని బ్యారెల్ ముందుకే పట్టుకుని ముప్పై దాకా లెక్కపెట్టి, బోల్టు లాగి తూటా బయటికి తీశాను. అదే తూటా మళ్ళీ పెడితే పేలింది. తర్వాతిది మళ్ళీ "టక్". వెనకాల ఎవరో "అంకుల్, మ్యూజియంకి ఇచ్చేయండి" అన్నారు. నవ్వాను గానీ లోపల కాలింది.

ఈ తుపాకీ మా మామగారి నాన్నగారు కొన్నది. బ్రౌనింగ్ ఆటో-5, ఒక తూటా పేలగానే తర్వాతిది తనే ఎక్కించుకునే సెమీ ఆటో, 12 బోరు, బెల్జియంలో చేసింది. మామగారికి డెబ్బై దాటాక లైసెన్సు నా పేరు మీదికి మారింది. బాడీ వెనక చివర మూపురంలా నిటారుగా లేచి ఉంటుంది, అందుకే దీన్ని హంప్‌బ్యాక్ అంటారు. జాన్ బ్రౌనింగ్ 1900లో పేటెంటు తీసుకున్న డిజైన్. అమెరికాలో ఒక కంపెనీతో రాయల్టీ దగ్గర చెడింది. ఇంకో కంపెనీకి వెళ్ళి ఆఫీసులో కూర్చుని ఉండగానే ఆ కంపెనీ పెద్ద గుండెపోటుతో పోయాడు. చివరికి 1902లో ఓడెక్కి బెల్జియం వెళ్ళి ఎఫ్ఎన్ అనే తుపాకుల కంపెనీ వాళ్ళకిచ్చాడు. అక్కణ్ణుంచి 1998 దాకా, చివర్లో జపాన్‌లో, చేస్తూనే ఉన్నారు. అంతకాలం నిలిచిన యంత్రం ఊరికే మొరాయించదని నా గట్టి నమ్మకం. ఆ నమ్మకం నిజమని తేలడానికి మూడేళ్ళు పట్టింది.

మొదటి తప్పు నాదే. ఏం ఆగినా "మిస్‌ఫైర్" అనేవాణ్ణి. రేంజిలో అందరూ అలాగే అంటారు. పేలకపోవడం వేరు, పేలాక ఖాళీ తొడుగు బయటికి రాకపోవడం వేరు, ఖాళీ పోయి కొత్తది ఎక్కకపోవడం ఇంకా వేరు. మూడింటికీ మందులు వేరు. రెండో ఏడాది నుంచి పాకెట్ డైరీలో ఆగిన ప్రతిసారీ తేదీ, తూటా రకం, ఏం జరిగిందో రాయడం మొదలుపెట్టాను. ఆ డైరీ లేకపోతే ఈపాటికి తుపాకీ అమ్మేసేవాణ్ణి.

ముందు ఖాళీలు ఇరుక్కునే సంగతి. డైరీలో ఎక్కువ పేజీలు దానివే. ఈ తుపాకీ ఇప్పటి చాలావాటిలా పేలుడు గ్యాస్‌తో నడవదు. పేలగానే బ్యారెల్, బోల్టు రెండూ కలిసి తూటా పొడవుకి మించి వెనక్కి వస్తాయి. తర్వాత బ్యారెల్ ఒక్కటే ముందుకు పోతుంది, ఖాళీ ఎగిరి పడుతుంది, అప్పుడు బోల్టు కొత్త తూటాతో మూసుకుంటుంది. భుజానికి ఒకటి కాదు, రెండు దెబ్బలు తెలుస్తాయి. కొత్తవాళ్ళు ఉలిక్కిపడతారు. ఈ వెనక్కి రావడాన్ని అదుపు చేసేవి ముందు కట్టె (బ్యారెల్ కింద చెయ్యి పట్టే కట్టె) లోపల, తూటాలు నింపే మ్యాగజీన్ ట్యూబు మీదుండే రెండు చిన్న వస్తువులు: ఒక కంచు బ్రేకు, ఒక ఉక్కు రింగు. ఉక్కు రింగు, బ్యారెల్‌ని మళ్ళీ ముందుకు నెట్టే స్ప్రింగుకీ కంచు బ్రేకుకీ మధ్య ఉంటే బ్రేకు రెండు వైపుల నుంచీ ట్యూబుని బిగించి పట్టుకుంటుంది. అది బరువు తూటాలకి. అదే రింగుని తీసి స్ప్రింగు వెనకాల, బాడీ దగ్గర పెడితే పట్టు తగ్గుతుంది. అది తేలిక తూటాలకి.

మామగారు పొలం దగ్గర అడవిపందుల భయానికి పెట్టుకున్నవి ఎల్‌జీ తూటాలు, పెద్ద గుళ్ళుండే బరువు రకం. కాబట్టి రింగు ఏళ్ళ తరబడి బరువు సెట్టింగులోనే ఉంది. నేను రేంజిలో కాల్చేవి ట్రాప్ ఆటకి, అంటే ఎగిరే క్లేలని కొట్టే ఆటకి, వాడే 24 గ్రాముల తేలిక తూటాలు. ఆ కాస్త తోపుకి బ్యారెల్ మొత్తం వెనక్కి వస్తేగా! సగం దూరం వచ్చి ఆగేది, ఖాళీ బయటికి పడే సందులో అడ్డంగా ఇరుక్కునేది. ఇది తెలియక నేను చేసిన పని చెప్పాలంటే సిగ్గేస్తుంది. ట్యూబుకి నూనె దట్టించాను. జారుడుకి బ్రేకు పట్టు పోయి తేలిక తూటాలు బ్రహ్మాండంగా పనిచేశాయి. "కనిపెట్టేశా" అనుకున్నాను. నెల తర్వాత స్నేహితుడొకడు తన దగ్గరున్న బరువు తూటాలు రెండు వేసి చూద్దామన్నాడు. రెండోదానికే ముందు కట్టెకి జానెడు చీలిక. అతికించాక కూడా ఆ గీత ఇప్పటికీ చేతికి తగులుతుంది.

ఇప్పుడు రింగు తేలిక సెట్టింగులో ఉంది. ట్యూబుకి నూనె రాసి, పొడి గుడ్డతో తుడిచి, వేలికి తడి తెలియనంత వదిలేస్తాను. ఇరుక్కోవడం దాదాపు ఆగిపోయింది.

ఇక అసలు పేలకపోవడం. డైరీలో ఇది వింతగా కనిపించింది. మార్చి నుంచి అక్టోబరు దాకా ఒక్కటీ లేదు. డిసెంబరు, జనవరి పొద్దున్నే మాత్రం పదికి రెండు మూడు. ఎండెక్కాక మళ్ళీ బాగుండేది. పేలని తూటాల అడుగున నిప్పు పుట్టించే బిళ్ళ, ప్రైమరు, మీద గుంట చూస్తే బియ్యపు గింజ నొక్కినట్టు పైపైన ఉండేది. పేలినవాటి మీద లోతుగా, గుండ్రంగా. రెండోసారి కొడితే పేలుతోందంటే తూటాలో లోపం లేదు, ప్రైమరుని కొట్టే పిన్ను దెబ్బే బలంగా పడటం లేదన్నమాట. తెలిసినవాళ్ళు పిన్నుని కొట్టే సుత్తి తాలూకు స్ప్రింగు, హ్యామర్ స్ప్రింగు, మార్చమన్నారు. ఈ తుపాకీకి స్ప్రింగు ఎక్కడ దొరుకుతుంది? దొరికినా అసలుదో కాదో ఎవరు చెప్తారు?

పాతబస్తీలో ఒక మిస్త్రీ దగ్గరికి తీసుకెళ్ళాను. ముందు ఆయన స్క్రూడ్రైవర్లు చూసి నాకు ధైర్యమొచ్చింది. దీని స్క్రూల గాడి సన్నగా ఉంటుంది, ఒక్కో స్క్రూ కదలకుండా పక్కన ఇంకో బుల్లి స్క్రూ కూడా ఉంటుంది. మామూలు డ్రైవరు పెడితే తలలు చెడిపోతాయి. ఆయన బోల్టు విప్పి, పిన్ను బయటికి లాగి, నా ముందు పెట్టాడు. పిన్ను చుట్టూ లేత పసుపు మైనంలా ఏదో పట్టుకుని ఉంది. గోటితో గీకి వాసన చూసి నా ముక్కు దగ్గర పెట్టాడు.

"తుపాకీకేం కాలే సార్. ఇది కొబ్బరినూనె."

దసరా! ఆయుధపూజకి మా ఇంట్లో తుపాకీకి పసుపు, కుంకుమ పెట్టి, పూలదండ వేస్తారు. మామగారు బోల్టు వెనక్కి లాగి "లోపల తుప్పు పట్టకుండా" అని నాలుగు చుక్కలు కొబ్బరినూనె పోస్తారు. వాళ్ళ నాన్నగారి కాలం నుంచీ అదే ఆచారమట. వేసవిలో నీళ్ళలా ఉంటుంది కాబట్టి తెలియదు. మన ఊళ్ళో డిసెంబరు పొద్దున బాత్రూములో సీసా గడ్డకట్టినట్టే లోపల పిన్ను సందులోనూ గడ్డకట్టేది. పిన్ను ఆ మైనంలోంచి ఈదుకుంటూ వెళ్ళి ప్రైమరుని తట్టేది. ఏళ్ళ పాత నూనె అడుగున జిగురై కూర్చుంది. మిస్త్రీ కిరోసిన్‌లో నానబెట్టి, బ్రష్షుతో కడిగి, పొడిగానే బిగించాడు. పిన్ను సందులో అసలు నూనె వద్దన్నాడు. ఆ శీతాకాలం నుంచి "టక్" వినలేదు.

వానాకాలం బాధ వేరు. కాగితపు తొడుగు తూటాలు తేమకి ఉబ్బి, బ్యారెల్‌లో తూటా కూర్చునే చోటు, చాంబరులో చివరి అంగుళం దగ్గర ఆగిపోతాయి. బోల్టుని అరచేత్తో కొట్టి మూయడం మాత్రం ఎవరూ చేయకండి. ఇప్పుడు ప్లాస్టిక్ తొడుగువే కొంటాను, గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెడతాను. ఇంకొకటి: పేలినప్పుడు శబ్దం "ఫుస్" మన్నట్టు తేలిగ్గా ఉంటే, ఖాళీ చేసి, బ్యారెల్ విప్పి కంటితో చూడకుండా తర్వాతిది వేయొద్దు. మందుకీ గుళ్ళకీ మధ్య ఉండే వ్యాడ్ లోపలే ఉండిపోతే తర్వాతి తూటాకి బ్యారెల్ చీలొచ్చు. దీంట్లో బ్యారెల్ విప్పడానికి పనిముట్టు అక్కర్లేదు, నిమిషం పని, బద్ధకిస్తే మన ఖర్మ. పాత బ్యారెల్ అయితే చాంబరు 65 మిల్లీమీటర్లా, 70 మిల్లీమీటర్లా అని ఒకసారి కొలిపించుకోవాలి. పొట్టి చాంబరులో పొడుగు తూటా పడుతుంది గానీ, పేలాక విచ్చుకోడానికి చోటుండదు, ఒత్తిడి పెరుగుతుంది. మాది 70.

ఎన్నికలప్పుడు తుపాకీ ఠాణాలో అప్పగించాలి. ఒకసారి తిరిగి తెచ్చుకునేసరికి బ్యారెల్ మీద తుప్పు చుక్కలు. ఇప్పుడు ఇచ్చేముందు మందంగా గన్ ఆయిల్ పూసి, గుడ్డసంచిలో పెట్టి ఇస్తున్నాను, తెచ్చాక మొత్తం తుడిచి గానీ రేంజికి తీసుకెళ్ళను.

ట్రాప్ నేర్చుకోవాలనుకునే కుర్రాళ్ళకి ఇది కొనుక్కోమని చెప్పను. పోటీలో సెమీ ఆటోలో రెండు తూటాలకి మించి పట్టకుండా కట్టె ముక్క బిగించాల్సిందే, పైగా ఖాళీలు ఎగిరి పక్కవాడి మీద పడతాయి. మన ఊరి కైనాన్ చెనాయ్‌లా ట్రాప్ ఆడేవాళ్ళ చేతుల్లో మీకు కనిపించేది ఒకదాని మీద ఒకటి రెండు బ్యారెళ్ళున్న తుపాకీ. అది విరిచి పట్టుకుంటే ఖాళీగా ఉందో లేదో దూరం నుంచే కనిపిస్తుంది. కానీ ఇంట్లో ఇలాంటిది ఉండి, "ఆగిపోతోంది" అని మూల పెట్టినవాళ్ళుంటే, స్ప్రింగులు మార్చేముందు ముందు కట్టె విప్పి రింగు ఎక్కడుందో చూడండి.

మొన్న దసరాకి అత్తమ్మ ఎప్పట్లాగే పళ్ళెంలో పసుపు, కుంకుమ, కొబ్బరినూనె గిన్నె తెచ్చి పెట్టింది. మామగారు నా వైపు చూశారు. "కట్టెకి రాయండి మామయ్యా, ఎంతైనా రాయండి" అన్నాను, బోల్టు మీద అరచెయ్యి అడ్డం పెట్టి.