డబ్ల్యూఎస్‌యూఎస్: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

విశాఖలో ఓ కస్టమ్స్ క్లియరింగ్ ఆఫీసులో సిస్టమ్స్ చూస్తాను. మెయిన్ ఆఫీసు సిరిపురంలో, బ్రాంచి గాజువాకలో. అన్ని కంప్యూటర్లకీ విండోస్ అప్‌డేట్లు డబ్ల్యూఎస్‌యూఎస్ (విండోస్ సర్వర్ అప్‌డేట్ సర్వీసెస్) నుంచే వేస్తున్నాం. మైక్రోసాఫ్ట్ అప్‌డేట్లని మన సర్వర్‌లోకి దించి ఆఫీసు మెషీన్లకి పంచే రోల్ (అదనపు సదుపాయం) ఇది, విండోస్ సర్వర్‌తో పాటే వస్తుంది, విడిగా కొనక్కర్లేదు.

చాలామంది దీన్ని నెట్ డేటా ఆదా కోసం పెట్టుకుంటారు. అప్‌డేట్ ఒక్కసారి సర్వర్‌లోకి దిగితే మిగతా మెషీన్లు లోపలినుంచే తీసుకుంటాయి. ఆ లాభం నిజమే. కానీ నా దృష్టిలో దీని అసలు విలువ అప్రూవల్‌లో ఉంది. ఏ గ్రూపుకి ఏది ఎప్పుడు వెళ్లాలో మనమే చెబుతాం.

మైక్రోసాఫ్ట్ నెలవారీ ప్యాచ్‌లు (లోపాల్ని సరిదిద్దే అప్‌డేట్లు) రెండో మంగళవారం వస్తాయి. మనకి అప్పటికి రాత్రి పదిన్నరో పదకొండున్నరో అవుతుంది. బుధవారం పొద్దున్నే పైలట్ గ్రూపుకి, అంటే ముందుగా పరీక్షించి చూసే కొన్ని మెషీన్లకి అప్రూవ్ చేస్తాను. ఆ గ్రూపులో ఐటీ వాళ్ల మెషీన్లే పెడితే లాభం లేదు. ట్యాలీ నడిచేది, డిజిటల్ సంతకం టోకెన్ పెట్టి షిప్పింగ్ బిల్లులు ఫైల్ చేసేది, పాత డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ తగిలించింది తప్పకుండా ఉండాలి. 2021 మార్చి ప్యాచ్ పడ్డాక కొన్ని రకాల ప్రింటర్లకి ప్రింట్ ఇవ్వగానే బ్లూ స్క్రీన్ వచ్చేది. అలాంటిది ప్రింటర్ దగ్గర కూర్చున్నవాళ్లకే ముందు తెలుస్తుంది.

పైలట్‌లో వారం సజావుగా గడిస్తే మిగతా గ్రూపులకి. ఇక్కడో చిక్కుంది. రెండో మంగళవారం 8 నుంచి 14లోపు పడుతుంది, దానికి వారం కలిపితే జీఎస్‌టీ 3బి (నెలవారీ రిటర్ను) గడువు 20వ తేదీ దగ్గరికొస్తుంది. అప్‌డేట్‌కి పెట్టిన డెడ్‌లైన్ దాటితే మెషీన్ రీస్టార్ట్ అయిపోతుంది కాబట్టి అకౌంట్స్ గ్రూపుకి 22 తర్వాతే పెడతాను. అంతకంటే ఆలస్యం చేయను. 2017 మేలో ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై వైరస్ వచ్చేసరికి దాన్ని అడ్డుకునే ప్యాచ్ విడుదలై రెండు నెలలైంది. వేయనివాళ్లే ఎక్కువగా దెబ్బతిన్నారు.

గాజువాక లైను సన్నం. గ్రూప్ పాలసీలో (అన్ని మెషీన్లకీ ఒకేచోటి నుంచి సెట్టింగులు పెట్టే చోట) బిట్స్, అంటే అప్‌డేట్లని వెనకాల దించుకునే విండోస్ సర్వీసు వేగాన్ని పగటిపూట తగ్గించాక అక్కడివాళ్లకి ఇబ్బంది తగ్గింది.

లోపాలూ ఉన్నాయి. శుభ్రం చేయకపోతే ఇది నడవదు. పాతబడ్డ అప్‌డేట్లని డిక్లైన్ చేసి (అక్కర్లేదని తిరస్కరించి), అందులోనే ఉండే క్లీనప్ విజార్డ్ నడుపుతూ ఉండాలి. ఐఐఎస్‌లో (విండోస్ వెబ్ సర్వర్) దీనికి కేటాయించిన డబ్ల్యూసస్‌పూల్ మెమరీ హద్దు మామూలుగా 1.8 జీబీ దగ్గరుంటుంది. అది చాలక కన్సోల్ ఎర్రర్లు ఇస్తుంది, మొదటిరోజే పెంచుకోండి. డ్రైవర్ల కేటగిరీ జోలికి పోవద్దు, డిస్కు నిండిపోతుంది. క్రోమ్, ట్యాలీ లాంటివి దీని పరిధిలోకి రావు, వాటికి వేరే దారి చూసుకోవాలి.

ఇంకో ముఖ్యమైన సంగతి. 2024 సెప్టెంబరులో మైక్రోసాఫ్ట్ దీన్ని డిప్రికేట్ చేసింది, అంటే ఇక అభివృద్ధి చేయబోమని ప్రకటించింది. అప్‌డేట్లు వస్తూనే ఉంటాయి, కొత్త సదుపాయాలు మాత్రం రావు. 2025 అక్టోబరులో ఇందులోనే తీవ్రమైన భద్రతా లోపం బయటపడితే అదే నెల 23న అత్యవసర ప్యాచ్ ఇచ్చారు. అది వేయనివాళ్లు వెంటనే వేయండి. 8530, 8531 పోర్టులు బయటి ఇంటర్నెట్‌కి తెరిచి ఉంటే ఈరోజే మూసేయండి.

సర్వర్ ఉండి, నెలకో పూట దీనికోసం కేటాయించే మనిషి ఉన్న ఆఫీసుకి ఇప్పటికీ ధైర్యంగా పెట్టుకోమంటాను. అంతా ల్యాప్‌టాప్‌లై, మనుషులు ఆఫీసుకే రాకపోతే నెలనెలా డబ్బు కట్టినా ఇంటర్నెట్ ద్వారానే మెషీన్లని చూసుకునే మైక్రోసాఫ్ట్ ఇన్‌ట్యూన్ నయం. మేమూ బయట తిరిగే ల్యాప్‌టాప్‌లని అటు మార్చేస్తున్నాం, డెస్క్‌టాప్‌లు మాత్రం ఇందులోనే ఉంటాయి.