మా వీధిని తిరిగి కట్టిన తీరుకు ఐదుకు మూడు మార్కులు

2018లో మా వీధికి తారు రోడ్డు వేశారు. 2019లో దాన్ని ఒక పక్క తవ్వి మంచినీటి పైపు మార్చారు. 2022లో నడిమధ్య తవ్వి మురుగు లైను వేశారు. 2024 జనవరిలో మిగిలిన తారునంతా పెకలించి సిమెంటు రోడ్డు పోశారు. ఈ నాలుగు పనులనూ విడివిడిగా చూస్తే వేటినీ చెడ్డ పని అనలేము, వాటిలో రెండు చాలా బాగా జరిగాయి కూడా. అయినా ఆరేళ్ళలో ఒకే వీధిపై నాలుగు టెండర్లు, నాలుగు దఫాల దుమ్ము, ఒక రోడ్డు ఖర్చు పూర్తిగా మట్టిపాలు కావడం చూసిన వినియోగదారుడిగా, ఈ సేవ మొత్తానికి ఐదుకు మూడు మార్కులకు మించి ఇవ్వలేకపోతున్నాను.

మాది కోస్తాలో ఒక మునిసిపాలిటీ. ఊరి పేరూ, అధికారుల పేర్లూ ఇక్కడ అనవసరం, ఎందుకంటే ఇందులో తప్పు ఒక మనిషిది కాదు. 1984 నాటి లేఅవుటు, ముప్ఫై అడుగుల వీధి, నలభై ఆరు ఇళ్ళు. నేను ఖజానా శాఖలో పనిచేసి రిటైరయ్యాను, కాలనీ సంక్షేమ సంఘానికి కోశాధికారిని. ఇంజనీరింగు నాకు తెలియదు గాని పద్దుల సంగతి తెలుసు. మా వీధి కథలో చాలా భాగం పద్దుల కథే కావడంతో ఈ సమీక్ష రాసే ధైర్యం చేస్తున్నాను.

ముందుగా మా వీధి కింద ఏముండేదో చెప్పాలి. మంచినీటికి 1987లో వేసిన ఆస్బెస్టాస్ సిమెంటు పైపు, మురుగుకు దాని తరువాత కొన్నేళ్ళకు వేసిన స్టోన్‌వేర్ మట్టి పైపులు, పైన ఎన్నిసార్లు పోశారో లెక్కలేని తారు పొరలు. ఒకేసారి పుట్టిన కాలనీ ఒకేసారి ముసలిదవుతుంది. పైపులు పగలడం, మురుగు లైను అతుకుల్లోకి కానుగ చెట్ల వేళ్ళు చొరబడడం, కుళాయి కనెక్షన్ల ఇనుప గొట్టాలు తుప్పు పట్టడం, ఇవన్నీ 2010 తరువాత మూడు నాలుగేళ్ళ తేడాలో మొదలయ్యాయి. నా ఉద్దేశంలో ఇది ప్రణాళిక వేసేవారికి కష్టం కాదు, అదృష్టం. ఏ వీధి వయసు ఎంతో లేఅవుటు కాగితాల మీదే ఉంటుంది గనుక, ఏ వీధి ఎప్పుడు మంచాన పడుతుందో పదేళ్ళు ముందే చెప్పవచ్చు. అలా చెప్పే జాబితా మా మునిసిపాలిటీలో ఏదైనా ఉందా అని నేను రెండుసార్లు అడిగాను. ఫిర్యాదుల రిజిస్టరు చూపించారు.

పనుల్లో నాకు బాగా గుర్తుండిపోయినది 2019లో పైపు వేసే ముందు అయిదో ఇంటి ముందు తీసిన పరీక్ష గొయ్యి. పాత పైపు ఎక్కడుందో నక్షాలో చూపిన చోట లేకపోవడంతో, జేసీబీని పక్కన పెట్టి ఇద్దరు మనుషులు గునపాలతో నాలుగడుగుల లోతు తవ్వారు. గోతిలో మంచినీటి పైపు, మురుగు పైపు జానెడు ఎడంతో పక్కపక్కనే కనిపించాయి, పైగా మంచినీటి పైపే ఇంచుమించు నాలుగంగుళాలు కింద ఉంది. దానిపై వెంట్రుక మందం బీట ఒకటి, దాని చుట్టూ మట్టి నల్లగా, జిగటగా ఉంది. మా ఊళ్ళో కుళాయి రోజుకు గంట సేపే వస్తుంది. సరఫరా ఆగాక పైపు ఖాళీ అవుతుంది, ఖాళీ అయ్యేటప్పుడు లోపలి పీడనం పడిపోయి చుట్టూ ఉన్న తేమను బీటల్లోంచి లోపలికి పీల్చుకుంటుంది. పొద్దున్నే తొలి రెండు బిందెలు పారబోసి మూడో బిందె పట్టుకోవడం మా వీధి ఆడవాళ్ళకు ఏళ్ళ తరబడి అలవాటు, దానికి కారణం ఆ గోతిలో కళ్ళెదుట కనిపించింది. నీళ్ళు రోజంతా ఒత్తిడితో ఉంటే అంత చిన్న బీట వల్ల నీరు వృథా అయ్యేదేమో గాని మురుగు లోపలికి వచ్చేది కాదు.

ఇక్కడే పద్దు అడ్డం వచ్చింది. రెండు పైపులూ ఒకే గోతిలో, రెండూ పాడై కనిపిస్తున్నప్పుడు రెండింటినీ ఇప్పుడే మార్చండి అని ఎవరైనా అంటారు, మేమూ అన్నాము. మునిసిపాలిటీ ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజనీరు గారు కుర్రవాడు, మర్యాదస్తుడు. "సార్, ఇది మంచినీటికి వచ్చిన డబ్బు. దీంతో మురుగు లైను వేస్తే రేపు ఆడిట్‌లో నన్నే నిలబెడతారు, మీకు తెలియనిదేముంది" అన్నాడు. నాకు తెలుసు. ముప్ఫై రెండేళ్ళు అలాంటి బిల్లులు వెనక్కి పంపిన చేయి నాది.

2019 నాటి పైపు డబ్బు పట్టణ వసతుల కోసం కేంద్రం పెట్టిన అమృత్ పథకంలోది. 2015 జూన్‌లో మొదలైన ఆ పథకంలో పది లక్షల లోపు జనాభా ఉన్న పట్టణాలకు పనుల ఖర్చులో సగం కేంద్రం ఇచ్చేది, అంతకు మించిన నగరాలకు మూడో వంతు. మిగిలినది రాష్ట్రమూ పట్టణమూ చూసుకోవాలి. 2022లో మురుగు లైనుకు డబ్బు, కేంద్ర పన్నుల్లో వాటాలు తేల్చే 15వ ఆర్థిక సంఘం గ్రాంటు నుంచి వచ్చింది. మాలాంటి పట్టణాలకు ఆ గ్రాంటులో 60 శాతం షరతులతో వచ్చేది, అందులో సగం పారిశుద్ధ్యానికి, సగం తాగునీటికి, వాననీటి సంరక్షణ వంటి వాటికి. షరతులు లేని 40 శాతానికి ఊరంతా ఎదురుచూసేది. రోడ్డుకు మాత్రం మునిసిపాలిటీ సాధారణ నిధి నుంచే, అంటే మా ఆస్తి పన్నులోంచే ఖర్చు పెట్టారు. మూడు చోట్ల నుంచి మూడు వేర్వేరు సంవత్సరాల్లో వచ్చిన డబ్బు మూడు దఫాలుగా వీధిని తవ్వింది. కింద పని ముందు, పైన పని తరువాత అన్న మేస్త్రీ లెక్క కంటే ఏ గ్రాంటు ఏ సంవత్సరం వచ్చిందన్న లెక్కే నెగ్గింది. చేతిలో సాధారణ నిధి ఉండి, ఎన్నికలు దగ్గర పడిన కారణంగా 2018లో పైన పని ముందే జరిగిపోయింది.

మంచి చెప్పకపోతే సమీక్ష న్యాయంగా ఉండదు. మంచినీటి పనికి నేను ఐదుకు నాలుగున్నర ఇస్తాను. నల్లటి హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ పైపును అతుకులు కరిగించి కలుపుతూ వేశారు, పాత పైపును చివరి కనెక్షను మార్చేదాకా పనిచేయించారు, ప్రతి ఇంటికీ కొత్త గొట్టం గేటు లోపలిదాకా ఉచితంగా ఇచ్చారు. నీళ్ళు ఆగింది మొత్తం మీద రెండు రోజులే. ఇప్పుడు ఎవరూ తొలి బిందె పారబోయడం లేదు. మురుగు లైనుకు మూడు. లైను వాలు సరిగానే వచ్చింది, వానాకాలంలో ఎదురు తన్నడం ఆగిపోయింది. కాని ఇంటి నుంచి వీధిలోని మురుగు చాంబరుదాకా, అంటే మూత ఉన్న గొయ్యిదాకా, పైపు మేమే వేయించుకోవాలన్న సంగతి తవ్వకం మొదలయ్యాక చెప్పారు. నాకు ప్లంబరుతో కలిపి 6,800 రూపాయలు అయింది. మూడు నెలలు ముందు చెబితే నలభై ఆరు ఇళ్ళ వాళ్ళమూ ఒకే ప్లంబరును మాట్లాడుకుని, అందులో ఎంతో కొంత మిగుల్చుకునేవాళ్ళము.

సిమెంటు రోడ్డు గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే వేరే కాలనీల వాళ్ళు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. మా ఇంటి గేటు ముందు 1986లో మూడు మెట్లు ఎక్కి లోపలికి వెళ్ళేవాళ్ళము. తారు మీద తారు పోస్తూ పోగా 2018 నాటికి ఒక్క మెట్టే మిగిలింది, మాకు ఎదురింట్లో అయితే వీధి నుంచి ఒక మెట్టు దిగి వరండాలోకి వెళ్ళాలి. ఈసారి ఎస్టిమేటులో పాత తారు మీదే ఆరంగుళాల కాంక్రీటు అని ఉంది. సంఘం తరపున అందరమూ సంతకాలు చేసి, పాత పొరలు పెకలించి పాత మట్టం కంటే ఒక్క అంగుళం కూడా పెరగకుండా పోయాలని అర్జీ ఇచ్చాము. ఒప్పుకున్నారు, పెకలించడానికి అదనపు ఎస్టిమేటు కూడా మంజూరు చేయించారు. ఇందుకు ఆ ఏఈ గారికి వ్యక్తిగతంగా కృతజ్ఞతలు చెప్పుకోవాలి. ఇప్పుడు మా గేటుకు మళ్ళీ రెండు మెట్లు ఉన్నాయి. పోసిన మర్నాడే కోత మిషనుతో అడ్డగీతలు కోశారు, ఆ తరువాత రోడ్డుపై మట్టితో చిన్న చిన్న కట్టలు కట్టి వరి మడుల్లా నీళ్ళు నిలగట్టారు. రెండు వారాలు పిల్లలు బడికి కట్టల మీద నడిచి వెళ్ళారు. చివర కోత ఆలస్యమైన ఒక్క గడిలో తప్ప ఎక్కడా పగులు లేదు.

లోపం మూతల దగ్గర వచ్చింది. మురుగు చాంబర్లు 2022 నాటి అగ్రిమెంటులోవి, ఆ బిల్లు మూసేశారు. వాటి మూతల మట్టాన్ని కొత్త రోడ్డుకు సరిపెట్టే పని 2024 నాటి అగ్రిమెంటులో లేదు. అందువల్ల పద్నాలుగో ఇంటి ముందు మూత రోడ్డు కంటే మూడంగుళాలు లోతున ఉండిపోయింది. రాత్రి పూట స్కూటరు దాని మీద పడినప్పుడల్లా గుడి గంట కొట్టినట్టు మోగుతుంది. ఇది పనివాడి నిర్లక్ష్యం కాదు, రెండు పద్దుల మధ్య జారిపడిన మూడంగుళాలు.

మేము సొంతంగా చేసుకున్న ఒక పని ఇక్కడ చెప్పాలి. విద్యుత్ శాఖలో లైన్‌మన్‌గా చేసి రిటైరైన మా పొరుగాయన, కాంక్రీటు పోయకముందే పదేసి ఇళ్ళకు ఒకటి చొప్పున నాలుగంగుళాల ఖాళీ పీవీసీ గొట్టాలు అడ్డంగా పాతిపెడదామన్నారు. సంఘం డబ్బుతో అయిదు గొట్టాలు వేసి, రెండు చివరలూ మూసి, గోడల మీద ఎర్రరంగు గుర్తులు పెట్టాము. పోయిన వేసవిలో ఇంటర్నెట్ కేబులు వేసేవాళ్ళు వచ్చి రోడ్డు కటింగుకు అనుమతి పత్రం చూపించారు. ఆ ఎర్ర గుర్తులు చూపించి కేబులు గొట్టంలోంచి లాగించాము. మొత్తం వీధి పునర్నిర్మాణంలో అన్నిటికంటే తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితం ఇచ్చింది ఇదే, ఏ ఎస్టిమేటులోనూ లేనిది కూడా ఇదే. బెంగళూరులో టెండర్‌ష్యూర్ పేరుతో కట్టిన రోడ్లలో ఇదే ఆలోచనను పెద్ద ఎత్తున అమలు చేశారు, తీగలనూ పైపులనూ ఫుట్‌పాత్ కింద గొట్టాల్లో అమర్చి, రోడ్డును తవ్వే అవసరమే రాకుండా చూశారు. ముప్ఫై అడుగుల వీధికి అంత హంగు అక్కరలేదు.

మా తమ్ముడు అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలో ఉంటాడు. వాళ్ళ వీధినీ తవ్వి కట్టారని విని కాగితాలు తెప్పించుకుని చదివాను, ఉద్యోగం పోయినా అలవాటు పోదు కదా. అక్కడ 429వ అధ్యాయం అనే రాష్ట్ర చట్టం కింద ముందు ఇంజనీరు సాధ్యాసాధ్యాల నివేదిక రాయాలి, ఇంటింటికీ ఉత్తరం పంపి బహిరంగ విచారణ జరపాలి, ఇళ్ళవాళ్ళు తగినంత మంది స్వయంగా అడగని పనికైతే కౌన్సిల్లో అయిదింట నాలుగు వంతుల మంది ఒప్పుకోవాలి. ఖర్చులో కొంత ఆ వీధి ఇళ్ళపైనే వేస్తారు, కాని ఇంటి విలువకు కలిగిన లాభాన్ని మించి వేయకూడదు. ఆ మొత్తాన్ని కొన్నేళ్ళపాటు వడ్డీతో ఆస్తి పన్నుతో కలిపి కట్టవచ్చు. ఒకేసారి వేల డాలర్లు మీదపడతాయని అక్కడివాళ్ళు మొరపెట్టుకుంటారు, కొన్ని ఊళ్ళు ఈ పద్ధతిని వదిలి అందరి పన్ను మీదికి మళ్ళుతున్నాయి కూడా. వాళ్ళ వడ్డన నాకు వద్దు. తవ్వకానికి ముందు ఇంటికి వచ్చే ఆ ఉత్తరం మాత్రం కావాలి.

డబ్బు ఎక్కడిదన్న ప్రశ్నకు మా ఊరికి సరిపడే జవాబు బాండ్లలో, అంటే మదుపరులకు పత్రాలు అమ్మి అప్పు తేవడంలో, దొరుకుతుందని నేను అనుకోవడం లేదు. అహ్మదాబాద్ 1998లో రాష్ట్ర ప్రభుత్వ హామీ లేకుండానే 100 కోట్ల బాండ్లు అమ్మింది. 2018లో హైదరాబాద్ 8.9 శాతం వడ్డీకి 200 కోట్లు తెచ్చింది, అదే సంవత్సరం విశాఖపట్నం 80 కోట్లు తెచ్చింది. ఆ పేరూ, ఆ ఆదాయమూ ఉన్న నగరాలకు అప్పు పుడుతుంది. చిన్న పట్టణాలు తమిళనాడులో చేసినట్టు కొన్ని కలిసి ఉమ్మడిగా వెళితే తప్ప మదుపరులు తలుపు తీయరు. అంతకంటే దగ్గరలో ఉన్న దారి మా మునిసిపాలిటీ వార్షిక లెక్కల్లోనే ఉంది. పైపులకూ రోడ్లకూ ఏటా తరుగుదల అని, అంటే పాతబడి తగ్గిన విలువ అని, ఒక అంకె రాస్తారు, కాని అంత డబ్బు పక్కన పెట్టరు. 2021 ఏప్రిల్ నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఆస్తి పన్నును అద్దె విలువకు బదులు ఆస్తి మూలధన విలువపై లెక్కిస్తున్నారు, ఒక ఏటి పెంపు 15 శాతం దాటకుండా గరిష్ఠ పరిమితి పెట్టారు. పన్ను పెరుగుతోందని మా వీధిలో అందరూ గొణుగుతారు, నేనూ గొణుగుతాను. ఆ పెరిగిన దాంట్లో పదో వంతయినా పాత వీధుల పేర ప్రత్యేక ఖాతాలో వేస్తే, గ్రాంటు వచ్చిన రోజున దానికి జతచేసి పైపు, మురుగు, రోడ్డు మూడింటినీ ఒకే ఎండాకాలంలో పూర్తి చేయవచ్చు. సంఘం తరపున ఈ ప్రతిపాదనను రాసి ఇచ్చాము. పరిశీలనలో ఉందన్నారు, ఆ మాటకు అర్థం ఏమిటో నాకంటే బాగా తెలిసినవారు తక్కువ.

ఇలాంటి పని మీ వీధికి వస్తుంటే, ఎస్టిమేటు నకలు పని మొదలు కాకముందే వార్డు సచివాలయంలో అడిగి తీసుకోండి. అందులో పాత రోడ్డు పెకలింపు, మూతల మట్టం సరిపెట్టడం, పని పూర్తయ్యాక పైపుల నక్షా ఇవ్వడం అనే మూడు పద్దులు ఉన్నాయో లేదో చూడండి. మాకు మూడోది దక్కలేదు. మా లైన్‌మన్ గారూ నేనూ కలిసి టేపుతో కొలిచి, ప్రతి గేటు స్తంభం నుంచి నీటి పైపు ఎన్ని అడుగులు, మురుగు పైపు ఎన్ని అడుగులు అని ఒక గళ్ళ కాగితం మీద గీసి, ఒక ప్రతి సచివాలయంలో ఇచ్చాము.

రోడ్డు కాంట్రాక్టరు లోపాలు సరిదిద్దాల్సిన గడువు రెండేళ్ళు, అంటే 2026 జనవరి దాకా. పగిలిన గడి, పద్నాలుగో ఇంటి ముందు మూత ఆలోగా బాగుచేయించాలని అర్జీ పెట్టాము. రసీదు నా దగ్గరే ఉంది. మూత పైకి లేస్తే అర మార్కు కలుపుతాను.